పుల్ల రెండో కొస

మొన్న హోసూరు బస్టాండులో పాత వకీలు మిత్రుడొకాయన కనబడి, టీ గ్లాసు చేతికిస్తూ చెప్పాడు.

"మీ జామీను పెద్దాయన పోయినాడు సార్. పోయిన వారమే."

ఎలా పోయాడని అడిగాను.

"నిద్రలోనే. ఆయన సంతకాలు మాత్రం ఇంకా రెండు కేసుల్లో బతికే ఉండాయి. ఫరవాలేదు లెండి. ముద్దాయి వాయిదా ఎగ్గొట్టక ముందే జామీనుదారు చనిపోతే, బాధ్యత ఆయన ఆస్తి మీదికి రాదు. చట్టంలో అన్నిటికన్నా సులువైన విడుదల అదే. అర్జీ లేదు, వాయిదా లేదు."

వకీళ్ల సంతాపం ఇలాగే ఉంటుంది. దాన్ని నేను తప్పు పట్టను. పురోహితుడి సంతాపం కంటే ఇందులో నిజం ఎక్కువ, దక్షిణ తక్కువ. కానీ ఆ పెద్దాయన ఒకసారి ఆ సులువైన దారి కాక రెండో దారిన, అంటే అర్జీ పెట్టుకుని, పూచీ నుంచి బయటపడ్డాడు. అది నేను దగ్గరుండి చూశాను. చూసినంతసేపూ కోపంతో ఉడికిపోయాను. ఇప్పుడు తలచుకుంటే ఎందుకో నవ్వు వస్తోంది.

ఆయనది కెలవరపల్లి ఆనకట్టకు దగ్గర ఊరు. కాలువ కింద కొంచెం భూమి, కొన్ని గొర్రెలు, ఒక ఆవు. తొంభైల్లో నేను హోసూరులో తెలుగు పంతులుగా ఉంటూ, ఆదివారాలు ఒక సైకిల్ షాపు మిద్దె మీద హేతువాద సభలు పెట్టేవాణ్ణి. సంతకు వచ్చిన ఆయన బేరాలు ముగించుకుని, ఖాళీ బుట్టతో వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. నేను దేవుణ్ణి, దెయ్యాన్ని, జాతకాన్ని, వాస్తును వరసగా చీల్చి చెండాడి, "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అని అడిగేవాణ్ణి. ఆ మాట పూర్తయ్యేలోపే ఆయన చెయ్యి పైకి లేచేది. ఆ చేతికి మెదడుతో సంబంధం లేదు. ఎవరైనా సభలో "ఉన్నాయా?" అన్నా, "ఉన్నారా?" అన్నా చాలు, అది తనంతట తాను లేస్తుంది.

"అయ్యోరా, దేవుడు లేడంటివి. సరే, ఒప్పుకుంటా. ఏనుగు ఉండాది కదా. దానికేం చెప్తావు?"

"ఏనుగు లేదని ఎవరన్నారన్నా?"

"అదే చెప్తా ఉండా. లేనోడి గురించి రెండు గంటలు మాట్లాడితివి. ఉండేదాని గురించి ఒక్క మాటా లేకపాయె."

సభ నవ్వేది. నా ఉపన్యాసానికి ఎప్పుడూ అంత నవ్వు రాలేదు.

ఆయన అసలు కీర్తి వేరే చోట ఉంది. చుట్టుపక్కల కోర్టుల్లో ఆయన పేరెన్నికగన్న జామీనుదారు. డబ్బు తీసుకుని సంతకం పెట్టే రకం కాదు. అలాంటివాళ్లు కోర్టు బయట చింతచెట్టు నీడలో వేరే ఉండేవాళ్లు, వాళ్లకు ఈయనంటే మంట. మూకండపల్లిలో ఆంధ్రా నుంచి వచ్చిన ఫ్యాక్టరీ కుర్రాళ్లు ఆదివారం కొట్టుకుని సోమవారం కోర్టుకు వస్తే, వాళ్లకు ఈ ఊళ్లో భూమి లేదు, చుట్టం లేడు. భూమి లేనివాడికి మాట ఉండదని చట్టం గట్టిగా నమ్ముతుంది. మనిషి తిరిగి వస్తాడా రాడా అన్నది వాడి మొహం చూసి కాదు, ఎవరో ఒకరి పన్ను రసీదు చూసి తేలుస్తుంది. తాయెత్తును నమ్మేవాణ్ణి చూసి నవ్వే చదువుకున్నవాళ్లు ఈ నమ్మకాన్ని చూసి ఒక్కసారి కూడా నవ్వరు. అలాంటి కుర్రాళ్లకు ఈయన తన పట్టా పట్టుకుని వచ్చి నిలబడేవాడు.

"వాడెవడో నీకు తెలుసా అన్నా?" అని ఒకసారి అడిగాను.

"తెలీదు. తెలుగులో ఏడ్చినాడప్పా. యెట్ల వదిలిపెట్టేది?"

సంతకం పెట్టే ముందు వేళ్లు తువాలుతో తుడుచుకుని, పెన్నును ఒకసారి ఊది, తమిళ కాగితం అడుగున తన పేరును తెలుగులో ఒక్కో అక్షరమే దింపేవాడు. ఆలస్యానికి విసిగిపోయిన గుమాస్తా ఒకడు, "ఏం పెద్దాయనా, ఇది సంతకమా, ముగ్గా?" అన్నాడు.

"ముగ్గే అప్పా. తొక్కకుండా పక్కన నడువు," అన్నాడు ఈయన.

ఆ కుర్రాళ్లు దాదాపు అందరూ వాయిదాలకు వచ్చేవాళ్లు. దాంతో ఆయనకు తన మాట మీద గర్వం పెరిగింది. "నా పట్టా నాయిన ఇచ్చింది. నా మాట నేను సంపాదించుకున్నది," అనేవాడు మీసం దువ్వుకుంటూ. "సంపాదించుకున్నావు సరే, దాన్ని వండుకుని తినేదానికయితాదా?" అని భార్య లోపలి నుంచి అందుకునేది. ఆమెకు కోర్టులన్నా, సంతకాలన్నా, నా సభలన్నా సమానంగా అసహ్యం. మూడింటి నుంచీ మొగుడు ఖాళీ చేతులతోనే తిరిగి వస్తాడని ఆమె అనుభవం.

ఇలాంటి మనిషికి ఒక స్వామి దొరికాడు.

డెంకణికోట దగ్గర అడవి అంచున ఒక రేకుల షెడ్డు, దానికి ఆశ్రమమని పేరు. స్వామి ప్రత్యేకత 'ఏనుగు కట్టు'. మంత్రించిన పసుపు దారం చేను చుట్టూ కడితే ఏనుగు దాన్ని దాటి అడుగు పెట్టదట. కొనుక్కున్న రైతులు పంట కోతకు వచ్చేదాకా నిశ్చింతగా నిద్రపోయారు. ఏనుగులు వచ్చాయి. రాగి మేశాయి, అరటి తొక్కాయి, వెళ్తూ వెళ్తూ దారాన్ని కాలికి చుట్టుకుని పోయాయి. రైతులు స్వామిని నిలదీస్తే, "ఆ ఏనుగులు కర్ణాటక వైపువి, నా కట్టు ఈ రాష్ట్రానికే," అన్నాడట. మంత్రాలకు రాష్ట్ర సరిహద్దులు ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. రైతులు పోలీసుల దగ్గరికి పోయారు. మోసం కేసు. స్వామికి జామీను కావలసి వచ్చింది. కోర్టులో "జామీనుదారు ఉన్నారా?" అని పిలిచారు. మన పెద్దాయన అక్కడ వేరే పని మీద ఉన్నాడు. చెయ్యి లేచింది.

"ఎందుకు చేశావన్నా ఈ పని?" అని నేను మండిపడ్డాను. "వాడు రైతుల్ని ముంచినవాడు."

"కేసు తేలనీ, అప్పుడు చూద్దాము. నువ్వే కదప్పా రుజువు లేకుండా దేన్నీ నమ్మొద్దంటావు?"

నా ఆయుధం నాకే తగిలింది.

కొన్ని నెలలు గడిచాయి. ఒక రోజు బడి విడిచే వేళ ఆయన భార్య వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఆమె నన్ను వెతుక్కుంటూ రావడం అదే మొదలు.

"అప్పా, ఆ సామి హిమాలయాలకు పోతాడంట. తపసుకంట. మళ్లీ రాడంట. శిష్యుడు సంతలో చెప్తా ఉండాడు. ఆయన పోతే మా చేను పోతాది. ఈ మనిషి చూస్తే పుల్ల పట్టుకోని తిరగతా ఉండాడు. నువ్వన్నా చెప్పు."

పుల్ల సంగతి ఇది. మా వైపు పాత పంచాయితీల్లో ఒక పద్ధతి ఉండేది. పొత్తు వ్యవసాయమో, ఇచ్చిన మాటో, పెళ్లి సంబంధమో తెంచుకోవాలంటే ఇద్దరూ నలుగురి ఎదుట ఒక చీపురుపుల్ల చెరో కొస పట్టుకుని విరవాలి. పుల్ల విరిగితే ముడి విడినట్టు. ఈయన జామీను కూడా అలాంటి ముడే అనుకున్నాడు. తాను స్వామి కోసం మాట ఇచ్చాడు కాబట్టి, స్వామి రెండో కొస పట్టుకుంటేనే ఆ మాట విడుతుంది. కోర్టు వాళ్లిద్దరి మధ్య ముడి చూసిన సాక్షి మాత్రమే. అందుకని చీపురుపుల్ల మొలలో దోపుకుని ఆశ్రమానికి తిరుగుతున్నాడు. స్వామి పుల్ల పట్టడం లేదు.

ఆ ఆదివారం నేనూ వెంట వెళ్లాను. ఆశ్రమం చూస్తే నాకు ప్రాణం లేచి వచ్చింది. దారం అమ్మే స్వామి తన షెడ్డు చుట్టూ దారం కట్టుకోలేదు. లోతుగా కందకం తవ్వించుకున్నాడు. గుమ్మం పక్కన టపాకాయల డబ్బా ఉంది.

"టపాకాయలెందుకప్పా?" అని పెద్దాయన శిష్యుణ్ణి అడిగాడు.

"దీపావళికి."

"ఇప్పుడు మాఘమాసం కదప్పా."

శిష్యుడు లోపలికి పోయాడు. స్వామి బయటికి వచ్చాడు. పెద్దాయన వంగి దండం పెట్టి, పుల్ల చాచాడు.

"సామీ, దయచేసి ఈ కొస పట్టండి. నా చేను నాకు మిగలనీయండి. తమరు యాడికన్నా పోండి."

స్వామి చిరునవ్వు నవ్వాడు. "నాయనా, సన్యాసి సర్వబంధాలూ తెంచుకున్నవాడు. తెంచడానికి నా దగ్గర బంధమేది?"

ఆలిని వదిలాడు, ఇంటిని వదిలాడు, పేరును కూడా వదిలాడు. తనను జైలు బయట నిలబెట్టిన ఒక్క బంధాన్ని మాత్రం రెండు చేతులా పట్టుకున్నాడు. ఇంతటి వైరాగ్యాన్ని నేను మరెక్కడా చూడలేదు.

పెద్దాయనను నేరుగా నా వకీలు మిత్రుడి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఓపికగా చెప్పాడు.

"చూడు పెద్దాయనా. నువ్వు మాట ఇచ్చింది సామికి కాదు, కోర్టుకు. 'ఈయన్ని వాయిదాకు తెస్తా, తేలేకపోతే ఇంత కడతా' అని రాసిచ్చినావు. ఇక నాకొద్దు అని నువ్వు ఎప్పుడైనా ఆ కోర్టులోనే అర్జీ పెట్టుకోవచ్చు. సామి ఒప్పుకోవాల్సిన పని లేదు."

"ఒప్పుకోకపోయినా విడిపోతానా?"

"విడిపోతావు. కానీ అర్జీ పెట్టినంత మాత్రాన కాదు. జడ్జి వారంటు ఇస్తారు. పోలీసులు సామిని పట్టుకొచ్చి కోర్టులో నిలబెట్టాల, లేదా ఆయనే వచ్చి నిలబడాల. అప్పుడు నీ పత్రం రద్దు చేస్తారు. అందుకే ఆయన కొండలెక్కక ముందే పెట్టాల. ఎక్కినాక పెడితే నువ్వూ పోయి మంచులో వెతకాల్సిందే."

పెద్దాయన మొలలోని పుల్లను తడిమి చూసుకున్నాడు.

"అంటే, రెండో కొస పోలీసోళ్లు పట్టిస్తారా?"

వకీలు నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. "అట్లనే అనుకో," అన్నాడు వకీలు.

"తర్వాత సామి?"

"ఇంకో జామీను చూపించుకోవాల. లేకపోతే లోపలికే."

ఆ మాటకు ఆయన మొహం వాడిపోయింది. అర్జీ టైపు అయి వచ్చింది. ఆయన వేళ్లు తుడుచుకున్నాడు. పెన్ను ఊదాడు. మళ్లీ తుడుచుకున్నాడు. "నేను పెట్టిన సంతకాన్ని నేనే కొట్టేసేదా? రేపు మూకండపల్లి పిల్లోళ్లకు నా మాట యెవరు నమ్ముతారు? పైగా ఆ సామి నోరు మంచిది కాదు. శాపం పెడితే?"

నేను మొదలుపెట్టాను. శాపమంటే గాలిలో కలిసే శబ్దం తప్ప మరేమీ కాదని, ఇంతవరకు శాపంతో చచ్చినవాడు లోకంలో ఒక్కడూ లేడని, సోదాహరణంగా, ఆవేశంగా. బహుశా అది నా జీవితంలోకెల్లా మంచి ఉపన్యాసం. ఆయన ఆవలించాడు.

ఆయన భార్య వకీలు ఆఫీసు గడప మీద కూర్చుని వక్క కొరుకుతోంది. అక్కడి నుంచే అంది. "ఏమయ్యా, ఏనుగులు తొక్కింది వాళ్ల చేన్లు. మన చేను నీ సంతకం తొక్కతాది. ఏనుగన్నా తిని పోతాది, సంతకం పోదు. పెట్టు."

ఆయన సంతకం పెట్టాడు. నా రెండు గంటల తర్కం చేయలేనిది ఆమె నాలుగు మాటల్లో చేసింది.

వారంటు వెళ్లింది. స్వామిని బస్సెక్కే ముందే పట్టుకుని కోర్టుకు తెచ్చారు. కాషాయం, రుద్రాక్షలు, పక్కన ఒక కానిస్టేబులు. వరండా నిండా భక్తులు. పెద్దాయనను చూడగానే స్వామి సన్యాసపు భాష వదిలేసి అచ్చమైన ఊరి భాషలోకి దిగాడు.

"నీ నాలిక పడిపోను! నీ ఆవు పాలెండిపోను! నెల తిరిగే లోపల నువ్వు మంచాన పడకపోతే నేను సామినే కాదు!"

భక్తులు హాహాకారాలు చేశారు. పెద్దాయన స్తంభాన్ని పట్టుకున్నాడు. నేను "ఏమీ కాదన్నా," అంటే ఆ మాట ఆయన చెవిన పడలేదు. ఇంతలో పిలుపు వచ్చింది.

మేజిస్ట్రేటు తమిళంలో అడిగారు. "జామీను నుంచి తప్పుకుంటానని అర్జీ పెట్టింది మీరేనా? ఎవరి బలవంతమూ లేదు కదా?"

"నేనేనయ్యా," అన్నాడు పెద్దాయన. అప్పుడు, మేమెవరమూ ఆపేలోపే, మొలలోంచి చీపురుపుల్ల తీసి స్వామి ముందు చాచాడు. "అయ్యా, ఒక్క నిమిషం. దీనిదీ ఒక పద్ధతుండాది."

స్వామి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కానిస్టేబులు ఆ చుట్టుపక్కల ఊరివాడే. వంగి, విసుగ్గా, "పట్టు సామీ. మాకు ఇంకా పన్లుండాయి," అన్నాడు. లాఠీ చేతిలో ఉన్నవాడు చెబితే వైరాగ్యం కూడా వింటుంది. స్వామి రెండో కొస పట్టుకున్నాడు. పుల్ల టప్పుమని విరిగింది.

"అదేమిటి?" అన్నారు మేజిస్ట్రేటు.

వకీలు గొంతు సవరించుకున్నాడు. "మా కక్షిదారు ఆయన పద్ధతిలో విడిపోయాడండీ. తమరు కోర్టు పద్ధతిలో విడిపించాలని మనవి."

మేజిస్ట్రేటు నవ్వు ఆపుకుంటూ పుల్ల ముక్కలు నేల మీద పడకుండా తీసేయమని చెప్పి, జామీను పత్రం రద్దు చేస్తూ సంతకం పెట్టారు. పెద్దాయన గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. చేను మిగిలింది.

"ముద్దాయికి ఇంకో జామీనుదారు ఉన్నారా?"

బంట్రోతు వరండాలోకి వచ్చి అదే మాట గట్టిగా అరిచాడు. అంతవరకు స్వామి పాదధూళి కోసం తోసుకుంటున్న భక్తుల్లో ఒకరికి చెప్పులు కనబడలేదు. ఒకరికి బస్సు వేళయింది. ఒకరి పట్టా అన్న పేరు మీద ఉంది. ఇంకొకాయన పట్టా తన పేరు మీదే ఉందట కానీ ఈ రోజు మంగళవారమట. కొబ్బరికాయ దాకా వచ్చిన భక్తి పన్ను రసీదు దాకా రాలేదు. చూస్తుండగానే వరండా ఖాళీ అయింది. నా సభలు ఏళ్ల తరబడి చేయలేని పని ఆ ఒక్క ప్రశ్న చేసింది.

స్వామి ఆ ఖాళీ వరండా వైపు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు కోర్టు హాల్లో ఒక చెయ్యి పైకి లేచింది. ఎవరి చెయ్యో చూడనక్కర్లేదు.

వెనకే నిలబడి ఉన్న ఆయన భార్య ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని కిందికి గుంజింది. "సచ్చినోడా, ఇప్పుడే కదా విడిపించుకుంటివి!"

"అలవాటుమే," అన్నాడు ఆయన తడబడుతూ. "ఎవురూ లేరంట కదమే..."

మేజిస్ట్రేటు ఆ చేతిని చూడనట్టే ఊరుకున్నారు. న్యాయం కళ్లకు గంతలు ఉండటం మంచిదేనని నాకు ఆ ఒక్కసారి అనిపించింది. స్వామిని కృష్ణగిరి జైలుకు తీసుకుపోయారు.

నెల దాటాక కృష్ణగిరి బస్సులో పెద్దాయన కనబడ్డాడు. ఉతికిన పంచె, భుజాన తువాలు, ఒళ్లో స్టీలు డబ్బా.

"యాడికన్నా?"

"సామిని చూసేదానికి."

నాకు ఒళ్లు మండింది. "వాడు నిన్ను నోటికొచ్చినట్టు శపించాడు. వాడి దగ్గరికి భయంతో పోతున్నావా? క్షమించమని అడగడానికా?"

"భయమెందుకప్పా?" ఆయన నన్ను వింతగా చూశాడు. "నెల లోపల నా నాలిక పడిపోతాదనె కదా. చూడు." బస్సు జనమంతా చూస్తుండగా నాలుక బయటికి చాపి, అటూ ఇటూ తిప్పి చూపించి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు. "ఆవు కూడా బాగానే ఇస్తా ఉండాది. నేను మంచాన పడలే. ఆయన శాపం పని చేయలేదు. ఆ మాట ఆయనకు ఎవురో ఒకరు చెప్పాల కదా?"

"చెబితే?"

"మనసు నిమ్మళపడతాడు. ఆడ లోపల ఒక్కడే కూచోని, అయ్యో కోపంలో అనేస్తిని, ఆ ముసలోడికి యేమాయెనో అని మనాది పెట్టుకోనుంటాడు, పాపం."

ఒట్టి చేతులతో పోయి చెబితే బాగుండదని రాగిముద్ద, వంకాయ గొజ్జు కట్టించుకున్నాడట. డబ్బా వేడి ఆరిపోతుందని దాన్ని తువాలుతో చుట్టి, డ్రైవరు వైపు తిరిగి, కొంచెం బిన్నా పోనీయప్పా అని అరిచాడు.